ఫ్రెండ్‌తో కలిసి మొదటి స్క్రిప్టు రాయడం ఎలా: పాయింట్ నుంచి నరేషన్ దాకా

"మా దగ్గర మంచి పాయింట్ ఉంది, నేనూ మా ఫ్రెండూ కలిసి రాద్దామనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట వరసగా పెడుతున్నా. ఇది ఇంటర్వెల్ ఉన్న, రెండుంపావు రెండున్నర గంటల తెలుగు సినిమా స్క్రిప్టుకి. షార్ట్ ఫిల్మ్ రాసేవాళ్లకి 2, 4, 7 చాలు.

ఒక్క విషయం ముందే చెప్పేస్తా, మిగతా స్టెప్పులన్నీ దాని కోసమే. ఇద్దరు కలిసి మొదలుపెట్టిన స్క్రిప్టులు టాలెంట్ లేక ఆగిపోవడం తక్కువ, ఒకే టైటిల్ కింద ఇద్దరూ రెండు వేర్వేరు సినిమాలు రాసుకుంటూ పోవడం వల్ల ఆగిపోయేవే ఎక్కువ. అది సగం స్క్రిప్టు అయ్యేదాకా ఇద్దరికీ తెలీదు, తెలిసేసరికి "నువ్వు నా సీన్ పాడుచేశావ్" దాకా వచ్చేస్తుంది. అందుకే ఇక్కడ రాయడం కంటే రాసేముందు చేయాల్సినవే ఎక్కువ ఉన్నాయి.

1. కథ గురించి మాట్లాడక ముందు తేల్చుకోవాల్సినవి

ఫ్రెండే కదా, తర్వాత చూసుకుందాం అనిపిస్తుంది. ఫ్రెండ్ కాబట్టే ఇప్పుడు అడగాలి, ఎందుకంటే ప్రొడ్యూసర్ ఎదురుగా కూర్చున్న రోజు అడగడం ఇంకా కష్టం.

అన్నిటికంటే ముందు అడగాల్సింది: డైరెక్షన్ ఎవరు చేస్తారు? మన దగ్గర మొదటి స్క్రిప్టు రాసేవాళ్లలో చాలామంది డైరెక్టర్ అవుదామనే రాస్తారు. ఇద్దరికీ ఆ కోరిక ఉండి ఇద్దరూ బయటికి చెప్పకపోతే ప్రతి సీన్‌లో అది గొడవగా బయటపడుతుంది. ఒకరు డైరెక్ట్ చేస్తారా, ఇద్దరూ కలిసి చేస్తారా, బయటి డైరెక్టర్‌కి ఇస్తారా, మొదటిరోజే చెప్పుకోండి.

తర్వాత టైటిల్ కార్డు. కథ, స్క్రీన్‌ప్లే, మాటలు మూడూ వేర్వేరు కార్డులు. పాయింట్ ఒకరిది అయినంత మాత్రాన స్క్రీన్‌ప్లే మొత్తం వాళ్లదైపోదు, అలాగే డైలాగులు రాసినవాళ్లకి కథలో భాగం వచ్చేయదు. పరుచూరి బ్రదర్స్ లాగా ఇద్దరికీ కలిపి ఒకే పేరు వేసుకుంటారా, విడివిడిగానా, విడిగా అయితే ఎవరి పేరు ముందు, ఇవన్నీ రాసిపెట్టుకోండి. అమెరికాలో సినిమా రచయితల సంఘమైన రైటర్స్ గిల్డ్ దీన్ని ఎంత సీరియస్‌గా తీసుకుంటుందంటే, టీమ్‌గా రాసిన ఇద్దరి పేర్ల మధ్య & గుర్తు వేస్తారు, ఒకరి తర్వాత ఒకరు విడిగా రాసి ఉంటే అండ్ అనే మాట పూర్తిగా వేస్తారు.

చట్టం సంగతి కూడా కొంచెం తెలిసి ఉండాలి. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఇద్దరు కలిసి రాసి, ఎవరి వాటా ఏదో విడదీయలేకుండా ఉంటే అది ఉమ్మడి రచన, ఇద్దరూ రచయితలే. ఒకరు సంతకం పెట్టి ఇంకొకరికి తెలీకుండా అమ్మేద్దామంటే కుదరదు, వేరే మాట రాసుకోకపోతే ఇద్దరి ఒప్పుకోలూ కావాలి. ఇంకోటి, ఉత్త ఐడియాకి కాపీరైట్ లేదు, రాసిన రూపానికే ఉంటుంది, 1978లో సుప్రీంకోర్టు ఆర్.జి.ఆనంద్ కేసులో ఇది స్పష్టంగా చెప్పింది. అంటే "పాయింట్ నాది" అన్న మాట బలం తక్కువ, పేపర్ మీద ఉన్నదే లెక్క.

ఒక పేజీ కాగితం రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టండి, కనీసం ఒకరు మెయిల్ చేసి ఇంకొకరు "ఒప్పుకుంటున్నాను" అని రిప్లై ఇవ్వండి. అందులో ఉండాల్సినవి:

- కథ, స్క్రీన్‌ప్లే, మాటల కార్డుల్లో ఎవరి పేరు, ఏ వరసలో
- డబ్బు వస్తే ఎవరికెంత (సగం సగం అయితే ఆ మాటే రాయండి)
- డైరెక్షన్ ఎవరు
- ఇద్దరికీ కుదరని చోట ఆఖరి మాట ఎవరిది (దీని గురించి 8లో వివరంగా ఉంది)
- మధ్యలో ఒకరు వెళ్లిపోతే, అప్పటిదాకా రాసినదాని మీద ఎవరికేం హక్కు, మిగిలినవాళ్లు పూర్తిచేయొచ్చా
- ఇద్దరూ కాకుండా మూడో మనిషికి స్క్రిప్టు చూపించాలంటే అడగాలా వద్దా
- వారానికి ఏ రోజు, ఏ టైం

ఆ చివరిది చిన్నదిగా కనిపిస్తుంది కానీ చాలా స్క్రిప్టులు అక్కడే ఆగిపోతాయి. "వీలున్నప్పుడు కూర్చుందాం" అంటే వీలు ఎప్పటికీ ఉండదు. ఒకరు హైదరాబాద్, ఒకరు డల్లాస్ అయితే ఎండాకాలంలో అక్కడ శనివారం పొద్దున 8 అంటే ఇక్కడ సాయంత్రం 6:30, అలాంటి ఒక టైం ఫిక్స్ చేసుకుని దాన్ని పెళ్లిళ్లకీ జ్వరాలకీ తప్ప కదపొద్దు.

2. ఇద్దరి బుర్రలో ఉన్నది ఒకే సినిమానా?

మొత్తంలో ఇదే ముఖ్యమైన స్టెప్, ఒక్క పూట పని.

ఇద్దరూ విడివిడిగా, ఒకరి దగ్గర ఒకరు లేకుండా, ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి కథ మొత్తం మొదట్నుంచి చివరిదాకా పది నిమిషాల్లో చెప్పండి. ముందే రాసుకోకుండా, సినిమా చూసొచ్చి కజిన్‌కి చెప్తున్నట్టు చెప్పేయండి. తర్వాత రికార్డింగులు మార్చుకుని వినండి. తేడా వచ్చిన ప్రతి చోటా టైం నోట్ చేసుకోండి.

ఒక ఉదాహరణ తీసుకుందాం, చివరిదాకా దీన్నే వాడతా. తణుకు దగ్గర ఒక ఊళ్లో శీను పెళ్లి వీడియోలు తీస్తాడు. ఒక పెళ్లిలో అప్పగింతలకి ముందు పెళ్లికూతురి వడ్డాణం పోతుంది. వంటమేస్త్రి దగ్గర పనిచేసే కుర్రాడి మీద అనుమానం వచ్చి పోలీసులు తీసుకెళ్తారు. రాత్రి ఎడిటింగ్‌లో కూర్చున్న శీనుకి ఫుటేజ్‌లో కనబడుతుంది, వడ్డాణం తీసి దాచింది పెళ్లికూతురి తల్లి సత్యవతే. అది గిల్టుది, అత్తారింట్లో బయటపడితే కూతురి కాపురం ఏమవుతుందో అని.

పాయింట్ ఇద్దరికీ నచ్చింది. కానీ రికార్డింగుల్లో ఒకరు "ఎవరు తీశారో క్లైమాక్స్ దాకా తెలీదు" అని చెప్పారు, ఇంకొకరు "ఇంటర్వెల్‌కి శీనుకి తెలిసిపోతుంది, సెకండాఫ్ అంతా చెప్పాలా వద్దా అని నలిగిపోతాడు" అని చెప్పారు. మొదటిది థ్రిల్లర్, దొంగ ఎవరన్నదే ప్రశ్న. రెండోది ఒక ఇంటి పరువుకీ ఒక కుర్రాడి జీవితానికీ మధ్య ఇరుక్కున్న మనిషి కథ. హీరో మారాడు, సీన్లు మారాయి, పాటలు కూడా మారతాయి. మాట్లాడుకున్నప్పుడల్లా ఇద్దరూ "సూపర్ రా" అనుకునే ఉంటారు, ఎందుకంటే ఇద్దరూ పాయింట్ గురించే మాట్లాడుకున్నారు.

తేడాలన్నీ పట్టుకున్నాక కింది నాలుగింటికి ఇద్దరూ కలిసి ఒక్కొక్క వాక్యంలో జవాబు రాయండి:

- ఈ కథ ఎవరిది? (ఉదాహరణలో శీనుదా, సత్యవతిదా, ఆ కుర్రాడిదా)
- వాడికి ఏం కావాలి, అడ్డు ఏంటి?
- ఆడియన్స్‌కి అసలు విషయం ఎప్పుడు తెలియాలి?
- చివర్లో ఆడియన్స్ ఏ ఫీలింగ్‌తో లేవాలి?

నాలుగింటికీ ఒకే జవాబు రాకపోతే ముందుకెళ్లొద్దు. ఇంకో వారం పట్టినా పర్లేదు. అస్సలు కుదరకపోతే ఇక్కడే ఆపేసి వేరే పాయింట్ చూసుకోండి, ఇప్పుడైతే ఎవరికీ నష్టం లేదు.

జవాబులు కుదిరాక ఆ కాగితం రాసే చోట గోడకి అంటించండి, తర్వాత వచ్చే గొడవల్లో సగం దాన్ని చూసి తీరిపోతాయి.

3. క్యారెక్టర్లు

పుట్టిన తేదీ, ఇష్టమైన రంగు లాంటి పెద్ద బయోడేటాలు అక్కర్లేదు. ఒక్కో ముఖ్యమైన క్యారెక్టర్‌కి అరపేజీ: ఎక్కడివాళ్లు, సంపాదన ఎంత, ఎవరికి భయపడతారు, ఏ విషయంలో అబద్ధం ఆడతారు, కోపం వస్తే అరుస్తారా మాట్లాడడం మానేస్తారా. చివరి ప్రశ్న ఇద్దరు రాసేటప్పుడు చాలా పనికొస్తుంది. సత్యవతి కోపం వస్తే మాట మార్చేసే మనిషి అని తేల్చుకోకపోతే, ఒకరు రాసిన సీన్లో గిన్నెలు విసిరేస్తుంది, ఇంకొకరు రాసిన సీన్లో మౌనంగా ఏడుస్తుంది.

4. వన్ లైన్ ఆర్డర్: ఇద్దరూ ఒకే గదిలో, ఒకే టేబుల్ దగ్గర

వన్ లైన్ ఆర్డర్ అంటే సీన్లన్నిటినీ ఒక్కో లైన్లో వరసగా పెట్టుకోవడం. ఇది మాత్రం పంచుకోవద్దు. ఫస్టాఫ్ నువ్వు, సెకండాఫ్ నేను అని ఆర్డర్‌ని విడదీస్తే ఇంటర్వెల్ దగ్గర రెండు ముక్కలూ అతకవు. దూరంగా ఉంటే వీడియో కాల్‌లో అయినా ఇద్దరూ కలిసే చేయండి.

పోస్ట్‌కార్డు సైజు అట్టలు గానీ స్టికీ నోట్లు గానీ తీసుకోండి. ఒక సీన్ ఒక కార్డు. కార్డు మీద మూడే విషయాలు: ఎక్కడ, ఏం జరుగుతుంది, సీన్ అయ్యేసరికి ఏం మారింది. మూడోది రాయలేకపోతే ఆ సీన్ అవసరం లేదని అర్థం, ఎంత కామెడీ ఉన్నా సరే. రెండున్నర గంటల సినిమాకి సీన్ సగటున రెండు నిమిషాలు అనుకుంటే 70-75 సీన్లు, పాటలూ ఫైట్లూ ఉంటే ఇంకా తక్కువ.

పెట్టుకునే వరస ఇదీ:

- ముందు ఇంటర్వెల్ కార్డు
- తర్వాత క్లైమాక్స్ కార్డు
- తర్వాత కథ మొదలయ్యే కార్డు, అంటే హీరో మామూలు జీవితం చెదిరిపోయే సీన్
- ప్రీ క్లైమాక్స్‌లో హీరో పూర్తిగా ఓడిపోయే చోటు
- ఆ నాలుగింటి మధ్య ఖాళీలు

వరస పెట్టాక ప్రతి రెండు కార్డుల మధ్యా ఏ మాట వస్తుందో పైకి చదివి చూడండి. "ఆ తర్వాత... ఆ తర్వాత..." అని వస్తుంటే అక్కడ లాగ్ ఉన్నట్టే. "అందుకని" గానీ "కానీ" గానీ రావాలి. చూడండి:

సీన్ 19: స్టేషన్‌లో కుర్రాడిని కొడుతున్నారని శీనుకి తెలుస్తుంది. అందుకని
సీన్ 20: ఫుటేజ్‌లో దొంగ దొరుకుతాడేమోనని రాత్రంతా కూర్చుంటాడు. కానీ
సీన్ 21: దొరికింది దొంగ కాదు, సత్యవతి. అందుకని
సీన్ 22: పొద్దున్నే స్టేషన్‌కి వెళ్లాల్సినవాడు సత్యవతి ఇంటికి వెళ్తాడు.

ఇక్కడ ఒక కార్డు తీసేస్తే తర్వాతది నిలబడదు, అలా ఉండాలి. తీసేసినా ఏమీ కాని కార్డుల్ని పక్కన ఇంకో దొంతరలో పెట్టండి, చింపేయొద్దు, సెకండాఫ్‌లో పనికొస్తాయి.

ట్రాక్‌కి ఒక రంగు పెట్టుకోండి, శీను-సత్యవతి ఎర్రది, కుర్రాడి కుటుంబం పచ్చది, లవ్ ట్రాక్ నీలం. దూరంగా నిలబడి చూస్తే సెకండాఫ్‌లో పచ్చ రంగే కనబడకపోతే ఆ కుటుంబాన్ని ఇద్దరూ మర్చిపోయారని వెంటనే తెలుస్తుంది.

ఆర్డర్ అయ్యాక 2లో చేసిన పరీక్ష మళ్లీ చేయండి. ఈసారి కార్డులు చూస్తూ, ఒకరు ఫస్టాఫ్, ఇంకొకరు సెకండాఫ్ చెప్పాలి, తర్వాత తారుమారు. మీ ఫ్రెండ్ చెప్తుంటే "అది అలా కాదు కదా" అని నోటి దాకా వచ్చిన ప్రతి చోటా ఆగి కార్డు మార్చండి. ఇలా ఇద్దరూ ఆగకుండా చెప్పగలిగేదాకా సీన్ పేపర్ (డైలాగులతో సహా సీన్ పూర్తిగా రాయడం) మొదలుపెట్టొద్దు. నన్నడిగితే స్క్రిప్టుకి పట్టే టైంలో సగం ఇక్కడే అయిపోవాలి.

5. సీన్లు పంచుకోవడం

చాలామంది చేసే పని, "కామెడీ నువ్వు, ఎమోషన్ నేను". ఇలా వద్దు. సీన్లో ఏడుపు మధ్యలోనే నవ్వు వస్తుంది, దాన్ని ఇద్దరికి ఎలా పంచుతారు? క్యారెక్టర్ల వారీగా పంచుకోవడం కూడా అంతే, ఒకరు శీను మాటలు ఒకరు సత్యవతి మాటలు రాస్తే ఇద్దరూ ఒకరి మాట ఒకరు వినకుండా మాట్లాడతారు.

పనిచేసే పద్ధతి ఇదీ. మొదటి ఐదు సీన్లు పక్కపక్కన కూర్చుని ఇద్దరూ కలిసి రాయండి, నెమ్మదిగా అయినా పర్లేదు, యాక్షన్ ఎంత వివరంగా రాయాలి, డైలాగ్ ఎంత పొడుగుండాలి అన్నది అక్కడ సెట్ అవుతుంది. ఆ తర్వాత ఆరేసి ఏడేసి సీన్ల బ్లాకులుగా విడగొట్టి, ఒక బ్లాక్ మీరు, తర్వాతి బ్లాక్ మీ ఫ్రెండ్. బ్లాక్ పూర్తయ్యాక మార్చుకుని ఒకరిది ఒకరు తిరగరాయాలి. కరెక్షన్లు చెప్పడం కాదు, తిరగరాయడం. రెండో చెయ్యి పడని సీన్ ఏదీ స్క్రిప్టులో ఉండకూడదు, అప్పుడే ఇది ఎవరి సీన్ అన్న మాట పోతుంది.

ఇంటర్వెల్, క్లైమాక్స్ మాత్రం మళ్లీ ఇద్దరూ కలిసే.

6. ఫైలు, ఫాంటు, ఫార్మాట్

త్వరగా చెప్పేస్తా, కానీ దీన్ని వదిలేస్తే చాలా టైం పోతుంది.

- తెలుగులో టైప్ చేస్తే యూనికోడ్‌లోనే చేయండి. డీటీపీ సెంటర్లో అను ఫాంట్స్‌లో కొట్టించిన ఫైలు మీ ఫ్రెండ్ ఫోన్‌లో తెరిస్తే పిచ్చి అక్షరాలు వస్తాయి, కన్వర్టర్‌లో వేసినా ఒత్తులు చెడతాయి.
- టైపింగ్ రాకపోతే ఫోన్‌లో జీబోర్డ్ తెలుగు వాయిస్ టైపింగ్ వాడండి, డైలాగులు పలికి రాయడం వల్ల సహజంగా కూడా వస్తాయి. తప్పులు తర్వాత దిద్దుకోవచ్చు.
- ఇద్దరికీ గూగుల్ డాక్స్ సరిపోతుంది. ఒకరిది ఒకరు తిరగరాసేటప్పుడు సజెస్టింగ్ మోడ్‌లో పెట్టండి, పాతది పోదు. స్క్రీన్‌ప్లే కోసమే చేసినవి కావాలంటే స్క్రైట్‌లో తెలుగు రాయొచ్చు, రైటర్‌డ్యూయెట్ ఇద్దరు ఒకేసారి రాయడానికే తయారైంది. సాఫ్ట్‌వేర్ వెతకడంలో వారాలు పోగొట్టొద్దు.
- ఒక్కటే మాస్టర్ ఫైల్. వాట్సాప్‌లో "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "ఫైనల్ ఇదే" పంపుకోవద్దు. డ్రాఫ్ట్ నంబరు, తేదీ పేరులోనే ఉండాలి.

ఫార్మాట్ విషయంలో మన దగ్గర రెండు నడుస్తున్నాయి. పేజీని నిలువుగా రెండుగా చేసి ఎడమ యాక్షన్, కుడి డైలాగ్ రాసే పాత పద్ధతి ఒకటి, మధ్యలో క్యారెక్టర్ పేరు కింద డైలాగ్ వచ్చే హాలీవుడ్ పద్ధతి ఇంకోటి. ఏదైనా ఫర్వాలేదు, ఇద్దరూ ఒకటే వాడండి. పేజీకి ఒక నిమిషం అన్న లెక్క కొరియర్ ఫాంట్ 12 సైజులో రాసిన ఇంగ్లిష్ స్క్రిప్టుకి. తెలుగు టైపింగ్‌లో దాన్ని నమ్మకుండా, ఒకరు చదువుతుంటే ఇంకొకరు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూడండి.

7. ఒక సీన్ ఇద్దరి చేతుల్లో ఎలా మారాలి

పైన చెప్పిన సీన్ 22 తీసుకుందాం. మొదటివాళ్లు రాసింది:

సీన్ 22. ఇంటీరియర్. సత్యవతి ఇల్లు. పగలు.
శీను: వడ్డాణం మీరే తీశారని నాకు తెలుసండి. వీడియోలో చూశాను.
సత్యవతి: (ఏడుస్తూ) ఎవరికీ చెప్పకు బాబూ. అది గిల్టుది. తెలిస్తే మా అమ్మాయి కాపురం ఏమైపోద్దో.
శీను: కానీ అక్కడ ఆ కుర్రాడు దెబ్బలు తింటున్నాడండి.

విషయం అంతా ఉంది, తప్పేమీ లేదు, కానీ నటించడానికి ఏమీ లేదు. ఇద్దరూ మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పేశారు. రెండో చెయ్యి ఇలా పడింది:

సీన్ 22. ఇంటీరియర్. సత్యవతి ఇల్లు, హాలు. పగలు.
టీపాయ్ మీద శీను లాప్‌టాప్. పెళ్లి వీడియో నడుస్తోంది. సత్యవతి కాఫీ గ్లాసు పెట్టి నిలబడే చూస్తోంది. స్క్రీన్ మీద పెళ్లికూతురి గది తలుపు కనబడగానే ఆమె చూపు తిప్పేసింది.
సత్యవతి: పంచదార సరిపోయిందా బాబూ?
శీను పాజ్ నొక్కాడు. కాఫీ ముట్టుకోలేదు.
శీను: ఇక్కడ కట్ చేసేయమంటారా అండి?
సత్యవతి: (చాలాసేపటికి) ఎంత వరకూ?
శీను: ఆ కుర్రాడి అమ్మ కూడా అడుగుతోందండి, వీడియో ఎప్పుడిస్తావని.

గిల్టు అన్న మాటే లేదు, అది వేరే సీన్లో వస్తుంది. సత్యవతి మాట మార్చే మనిషని 3లో రాసుకున్నాం కాబట్టి పంచదార వచ్చింది. అవతలి తల్లి కూడా ఈ సీన్లోకి వచ్చింది, పచ్చ ట్రాక్ గుర్తుంది కాబట్టి.

తిరగరాసేటప్పుడు చూసుకోవాల్సినవి:

- కార్డు మీద "ఏం మారింది" అని రాసింది సీన్లో జరిగిందా?
- మొదటి రెండు డైలాగులు తీసేస్తే సీన్ ఇంకా బాగుందా? (చాలాసార్లు బాగుంటుంది)
- డైలాగ్‌తో చెప్పింది వస్తువుతోనో పనితోనో చెప్పొచ్చా?
- పేర్లు మూసేసి మాటలు మాత్రమే చదివితే ఎవరి డైలాగ్ ఏదో తెలుస్తోందా?
- మొదట రాసినవాళ్ల సీన్లో బాగున్నది ఏదైనా పోయిందా? పోతే వెనక్కి తీసుకురండి.

8. మాట కుదరనప్పుడు

కుదరదు, అది మామూలే. పద్ధతి ఒకటి ముందే ఉండాలి.

మొదట గోడ మీద కాగితం చూడండి, ఆ నాలుగు జవాబులకి ఏది దగ్గరో అది. అక్కడ తేలకపోతే రెండు వెర్షన్లూ రాయండి, వాదించే టైంలో సగం టైంకి రాసేయొచ్చు, రాసి చదివాక చాలావరకు ఇద్దరికీ ఒకటే నచ్చుతుంది, లేదంటే మూడోది పుడుతుంది. అప్పటికీ తేలకపోతే ఆఖరి మాట. డైరెక్షన్ ఒకరిదైతే ఆఖరి మాట వాళ్లకివ్వడం న్యాయం, ఎందుకంటే సెట్‌లో ఆ సీన్‌కి జవాబు చెప్పాల్సింది వాళ్లే. బయటి డైరెక్టర్ అయితే ఫస్టాఫ్‌లో ఒకరికి, సెకండాఫ్‌లో ఇంకొకరికి ఇవ్వండి. "నాకెందుకో కనెక్ట్ అవ్వట్లేదు" అని వదిలేయడం మాత్రం ఒప్పుకోవద్దు, ఏ లైన్ దగ్గర ధ్యాస పోయిందో చూపించాలి.

ఇంకా తరచూ వచ్చే ఇబ్బందులు, వాటికి మందు:

ఒకరే ఎక్కువ రాస్తున్నారు. ఉద్యోగం వల్ల టైం దొరకట్లేదంటే రాయడం తగ్గించి చదవడం, ఆర్డర్ చూడడం వాళ్లకివ్వండి, కానీ టైటిల్ కార్డులో పేరు విషయం మళ్లీ మాట్లాడుకోండి. లోపల పెట్టుకుంటే నరేషన్ రోజు, అంటే సినిమావాళ్లకి కథ వినిపించే రోజు బయటపడుతుంది.

సెకండాఫ్ కదలట్లేదు. సెకండాఫ్‌ని పట్టుకుని పీకొద్దు, జబ్బు సాధారణంగా ఇంటర్వెల్‌కి ముందే ఉంటుంది. ఇంటర్వెల్‌లో హీరో ముందు నిలబడిన ప్రశ్న ఏంటో ఒక వాక్యంలో రాయండి, రాయలేకపోతే అదే జబ్బు.

ప్రతి మీటింగ్‌లో మొదటి సీన్ దగ్గర్నుంచి మళ్లీ దిద్దుతున్నారు. మొదటి డ్రాఫ్ట్ చివరిదాకా అయ్యేవరకు వెనక్కి వెళ్లడం నిషేధం. మార్పు తోస్తే మార్జిన్లో కామెంట్ పెట్టి ముందుకెళ్లండి.

కొత్త సినిమా చూసొచ్చిన ప్రతిసారీ కథ మారుతోంది. ఆర్డర్ లాక్ అయ్యాక మార్పు కావాలంటే కొత్త కార్డు రాసి, అది ఏ కార్డుని తీసేస్తుందో కూడా చెప్పాలి అన్న రూల్ పెట్టుకోండి.

9. రీరైట్: ఒక్కోసారి ఒక్కదాని కోసం

మొదటి డ్రాఫ్ట్ అయ్యాక ఒక వారం ముట్టుకోవద్దు. తర్వాత అన్నీ ఒకేసారి దిద్దకుండా ఒక్కో రౌండ్‌లో ఒక్కటే చూడండి: మొదట కథ వరస, తర్వాత ఒక్కొక్క క్యారెక్టర్‌ని మొదట్నుంచి చివరిదాకా, తర్వాత పొడుగు, ఆఖరున డైలాగులు. డైలాగులు ముందు చెక్కుకుంటే ఆ తర్వాత సీన్ తీసేయడానికి చేతులు రావు.

యాస కోసం విడిగా ఒక రౌండ్ పెట్టుకోండి, ఇద్దరూ రెండు ప్రాంతాలవాళ్లయితే తప్పనిసరి. ఒకరిది కరీంనగర్, ఒకరిది భీమవరం అనుకోండి, ఎవరికీ తెలీకుండానే శీను ఒక సీన్లో "చేసేత్తానండి" అంటాడు, ఇంకో సీన్లో "చేస్తనే ఉన్న గదా" అంటాడు. ఏ ప్రాంతం క్యారెక్టరో ఆ ప్రాంతం ఫ్రెండే ఆ మాటలన్నీ పైకి చదివి దిద్దాలి, అక్కడ రెండోవాళ్లు వాదించకూడదు. ప్రతి వాక్యం చివర "ఆయ్" పెడితే గోదావరి యాస అయిపోదు, "గిట్ల, గట్ల" అంటే తెలంగాణ అయిపోదు, వరసలు పిలుచుకోవడం, మర్యాద ఇచ్చే తీరు, ఏది నేరుగా అడుగుతారు ఏది చుట్టు తిప్పి అడుగుతారు, యాస అంటే అదంతా. దీన్ని నిర్లక్ష్యం చేస్తే ఆ ఊరివాళ్లకి మొదటి పది నిమిషాల్లోనే సినిమా మీద నమ్మకం పోతుంది, అది నాకు చాలా బాధ కలిగించే విషయం.

తర్వాత ముగ్గురు నలుగురిని కూర్చోబెట్టి మొత్తం చదివించండి. సినిమావాళ్లే కానక్కర్లేదు. మీరు చదవొద్దు, ఎందుకంటే మీ గొంతు స్క్రిప్టులో లేనిది కూడా కలిపేస్తుంది. ఇద్దరూ వేర్వేరు మూలల్లో కూర్చుని వినేవాళ్ల మొహాలు చూస్తూ, ఫోన్ ఎక్కడ తీశారో పేజీ నంబరు రాసుకోండి. అయ్యాక "ఎలా ఉంది" అని అడగొద్దు, "కథ ఏంటో చెప్పండి" అని అడగండి. వాళ్లు మర్చిపోయిన సీన్లే మీరు మళ్లీ చూడాల్సినవి.

10. రిజిస్ట్రేషన్, నరేషన్

బయటివాళ్లకి వినిపించే ముందు రిజిస్టర్ చేయండి. రాసిన క్షణం నుంచే కాపీరైట్ ఉంటుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ రేపు గొడవైతే ఆ సర్టిఫికెట్ కోర్టులో ప్రాథమిక సాక్ష్యం. కాపీరైట్ ఆఫీసు వెబ్‌సైట్‌లో ఫారం 14, సాహిత్య రచనకి ఫీజు 500 రూపాయలు, అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు. రచయితల కాలమ్‌లో ఇద్దరి పేర్లూ ఉండాలి, ఎవరు అప్లై చేసినా సరే. హైదరాబాద్‌లోని తెలుగు సినీ రచయితల సంఘంలో గానీ ముంబైలోని స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్‌లో గానీ మెంబర్లయితే అక్కడా చేసుకోవచ్చు.

నరేషన్ ఒకరే ఇవ్వాలి. ఇద్దరూ మార్చి మార్చి చెప్తే వినేవాళ్లకి ఫ్లో పోతుంది. బాగా చెప్పేవాళ్లు చెప్పాలి, రెండోవాళ్లు మౌనంగా నోట్స్ రాసుకోవాలి, మధ్యలో "అది చెప్పలేదు" అని అందుకోకూడదు. ముందు ఐదు నిమిషాల వెర్షన్, ఇరవై నిమిషాల వెర్షన్, పూర్తి వెర్షన్ మూడూ ప్రాక్టీస్ చేసుకోండి, ఫిల్మ్‌నగర్ ఆఫీసుల్లో ఎంత టైం ఇస్తారో లోపలికెళ్లేదాకా తెలీదు.

వెళ్లే ముందు చెక్ చేసుకోవాల్సినవి:

- బౌండ్ స్క్రిప్టు (పూర్తిచేసి బైండ్ చేయించింది) మీద ఇద్దరి పేర్లు, డ్రాఫ్ట్ తేదీ
- ఒక పేజీ సినాప్సిస్, ఇద్దరి ఫోన్ నంబర్లతో
- రిజిస్ట్రేషన్ కాపీ ఇద్దరి ఫోన్లలో
- మార్పులు అడిగితే అక్కడికక్కడే ఒప్పుకోకుండా "మాట్లాడుకుని చెప్తాం" అని ఇద్దరూ ఒకే మాట
- "మీ ఫ్రెండ్ వద్దు, నువ్వొక్కడివే రా" అంటే ఏం చెప్పాలో ముందే అనుకున్న జవాబు

అగ్రిమెంట్ దాకా వస్తే సంతకం పెట్టే ముందు ఒక లాయర్‌కి చూపించండి, ముఖ్యంగా మూడు చోట్ల. హక్కులు ఎన్నేళ్లకి ఇస్తున్నారో రాసి ఉండాలి, రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లుగా తీసుకుంటుంది. ఏ ప్రాంతానికో రాయకపోతే ఇండియా మొత్తానికి అనే లెక్క, రీమేక్, డబ్బింగ్ హక్కులు విడిగా చూసుకోండి. థియేటర్ బయట వాడకానికి వచ్చే రాయల్టీలో రచయిత వాటాని వదులుకున్నట్టు రాయించుకోవడం 2012 సవరణ తర్వాత చెల్లదు, ఆ లైన్ కనబడితే తీయించండి. అడ్వాన్స్ చెక్కు ఒకరి పేరు మీదే ఇస్తామంటే, ఇద్దరి పేర్ల మీద రెండు చెక్కులు అడగండి.